పాత మాడిఫైడ్ కారుకి పొల్యూషన్ సర్టిఫికెట్: వ్యానా, బంకు సెంటరా, ఫోర్ గ్యాస్ గ్యారేజీనా?

హైదరాబాద్‌లో పొల్యూషన్ చెక్ అంటే మూడు దారులున్నాయి. రోడ్డు పక్కన చెట్టు కింద నిలబడే వ్యాన్ ఒకటి. పెట్రోలు బంకులో ఓ మూల చిన్న గదిలో నడిచే సెంటర్ ఇంకోటి. మూడోది ఫోర్ గ్యాస్ ఎనలైజర్ (పొగలోని నాలుగు వాయువుల్ని కొలిచే మెషీన్) ఉన్న గ్యారేజీ. ఇది సర్టిఫికెట్ ఇవ్వదు, రీడింగ్ తీసి, ట్యూన్ చేసి పంపిస్తుంది. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారుకి ఎక్కడికి వెళ్లినా పని అయిపోతుంది. పొగకి అడ్డు తక్కువుండే ఫ్రీఫ్లో సైలెన్సర్ వేసి, పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాట్ కన్వర్టర్ పీకేసి, హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టాలు) మార్చిన ఏపీ 09 నంబరు ఎస్టీమ్‌కో, హోండా సిటీకో మాత్రం ఈ మూడింటి మధ్య తేడా చాలా ఉంది. ముందు గ్యారేజీకి వెళ్లండి, తర్వాత బంకు సెంటర్‌కి. వ్యాన్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాం.

ముందుగా మీ కారుకి ఏ లిమిట్ వర్తిస్తుందో చూసుకోవాలి. సెంట్రల్ మోటారు వాహనాల నియమాలు, 1989లోని 115వ నియమం ప్రకారం బీఎస్-2 (భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణాల్లో రెండోది) కంటే ముందు తయారైన పెట్రోలు కారుకి ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు, అంటే కాలని పెట్రోలు) 1500 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని భాగాలు) దాకా చెల్లుతుంది. బీఎస్-2, బీఎస్-3 కార్లకి అది 0.5 శాతానికి, 750కి దిగిపోతుంది. బీఎస్-4 నుంచి 0.3 శాతం, 200 పీపీఎం. వీటికి 2500 ఆర్పీఎం దగ్గర ఇంకో రీడింగ్ కూడా తీస్తారు. అక్కడ సీఓ 0.2 శాతం దాటకూడదు, లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్లు సరిగ్గా ఉంటే 1 చూపే అంకె) 0.97కీ 1.03కీ మధ్య ఉండాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. హైదరాబాద్‌లో బీఎస్-2 2003 ఏప్రిల్‌లో, బీఎస్-3 2005 ఏప్రిల్‌లో, బీఎస్-4 2010 ఏప్రిల్‌లో వచ్చాయి. మిగతా జిల్లాల్లో ఎక్కువ వాటికి అవే 2005లో, 2010లో, 2017లో వచ్చాయి. అంటే 2012లో కరీంనగర్‌లో రిజిస్టరైన కారు బీఎస్-3 కావచ్చు, అదే ఏడాది ఖైరతాబాద్‌లో రిజిస్టరైన అదే మోడల్ బీఎస్-4. మొదటిదానికి హెచ్‌సీ 750 దాకా వెసులుబాటు ఉంటే, రెండోదానికి 200 దాటితే ఫెయిల్. ఆర్సీలో నార్మ్స్ దగ్గర ఖాళీగా ఉంటే తయారీ నెల, సంవత్సరం ఉన్న కాగితం వెంట తీసుకెళ్లి, ఆపరేటర్ కంప్యూటర్‌లో ఏ వర్గం ఎంచుకుంటున్నాడో పక్కన నిలబడి చూడండి. ఒక్క క్లిక్కు తేడాతో పాసయ్యే బండి ఫెయిలవుతుంది.

ఇప్పుడు వ్యాన్ సంగతి. వేగం విషయంలో దానికి సాటి లేదు. నంబరు ప్లేటు కనిపించేలా ఫోటో తీసి, సైలెన్సర్‌లో ప్రోబ్ (పొగని మెషీన్‌కి లాగే గొట్టం) పెట్టి తీసి, ప్రింట్ చేతిలో పెడతారు. ఇబ్బంది ఆ వేగంలోనే ఉంది. ప్రోబ్ సైలెన్సర్ లోపలికి కనీసం 300 మిల్లీమీటర్లు, అంటే ఒక అడుగు స్కేలు పొడవు వెళ్లాలి. మూడు అంగుళాల ఫ్రీఫ్లో టిప్‌లో ప్రోబ్‌ని నాలుగు వేళ్ల లోతున తగిలించి వదిలేస్తే బయటి గాలి కలిసిపోయి అంకెలన్నీ తక్కువ చూపిస్తాయి. బీఎస్-3 దాకా అది మీకు లాభంలా కనిపించవచ్చు. బీఎస్-4 కారుకి మాత్రం ఆ గాలే లాంబ్డాని 1.10 దాకా తోసేసి, బాగున్న బండిని కూడా ఫెయిల్ చేస్తుంది.

గొట్టంలో మిగిలిపోయే వాసన ఇంకో తలనొప్పి. మీకంటే ముందు పొగలు కక్కే టూ స్ట్రోక్ బండి ఏదైనా చెక్ అయిందనుకోండి, దాని ఆయిల్ ఆవిరి ప్రోబ్ గొట్టం లోపలి గోడలకి అంటుకుని ఉంటుంది. ప్రోబ్ బయట గాలిలో వేలాడుతున్నా స్క్రీన్ మీద హెచ్‌సీ 60, 80 అని చూపిస్తూనే ఉంటుంది. మీ కారు లిమిట్ 200 అయితే దాదాపు మూడో వంతు అక్కడే పోయినట్టు. టెస్టుకి ముందు ప్రోబ్ బయట ఉన్నప్పుడు స్క్రీన్ చూడాలి. హెచ్‌సీ 20 లోపుకి దిగేదాకా పంపు నడిపించి గాలి లాగించమని అడగాలి. నీటి ట్రాప్‌లో నీళ్లు నిండి ఉన్నాయా, ఫిల్టరు నల్లగా మారిందా, మెషీన్ మీద క్యాలిబ్రేషన్ స్టిక్కర్ తేదీ దాటిందా అన్నదీ చూడాలి. లైన్లో వెనక బళ్లు హారన్ కొడుతుంటే వ్యాన్ దగ్గర ఇదంతా అడిగే వీలుండదు. మాడిఫైడ్ కారుకి వ్యాన్‌కి మేమిచ్చే మార్కు 5కి 2.

ప్రోబ్ పెట్టకుండానే కాగితం ఇస్తామనే వాళ్లు దొరకొచ్చు. ఆ దారి పట్టకండి. అది అబద్ధపు సర్టిఫికెట్. సీఓ 4 శాతం కక్కే కారుకి అది ఏ మేలూ చేయదు. సిగ్నల్ దగ్గర మీ వెనక బైకు మీద ఉన్న పిల్లాడు పీల్చేది ఆ గాలినే.

బంకు సెంటర్ దీనికంటే మెరుగు. మెషీన్ ఒకేచోట ఉంటుంది, వోల్టేజీ నిలకడగా ఉంటుంది, వార్మప్ అయ్యాకే పని మొదలవుతుంది. బీఎస్-4 కారైతే సెంటర్‌లో ఫోర్ గ్యాస్ మెషీన్ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఇంజిన్ వేగం కొలిచే ఆర్పీఎం పికప్ క్లిప్ తగిలించే ఆపరేటర్ దొరికితే ఆ సెంటర్‌ని వదులుకోకండి. 2500 ఆర్పీఎం అని చెవితో అంచనా వేస్తే ఫ్రీఫ్లో శబ్దానికి 1800 దగ్గరే ఆపేస్తారు, క్యాట్ సరిగా వేడెక్కదు. ప్రింట్‌లో సీఓ, హెచ్‌సీలతో పాటు సీఓ2, ఆక్సిజన్ అంకెలు కూడా అడిగి రాసుకోండి. మార్కు 5కి 3.5. ఒకటిన్నర ఎందుకు తగ్గించామంటే, ఫెయిలైతే ఎందుకు ఫెయిలైందో అక్కడ చెప్పేవాళ్లు ఉండరు.

అది చెప్పేది గ్యారేజీ. ఎనలైజర్ చదవడం తెలిసిన ఉస్తాద్ ఉంటే ఈ సర్వీసుకి 5కి 5 ఇస్తాం. ఊరికే స్క్రూ తిప్పేవాడైతే 1. తేడా ఎలా తెలుస్తుందంటే, మంచివాడు ముందుగా సీఓ2 చూస్తాడు. ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజిన్‌లో అది 14, 15 శాతం ఉంటుంది. సీఓ, సీఓ2 కలిపినా 12 దాటడం లేదంటే సైలెన్సర్ లీకవుతోంది, లేదా ప్రోబ్ సరిగా లేదు, లేదా ఇంజిన్ మిస్ కొడుతోంది. అసలు సీఓ ఎంతో తెలియాలంటే సీఓని 15తో గుణించి, సీఓ, సీఓ2ల మొత్తంతో భాగించాలి. స్క్రీన్ మీద సీఓ 0.4, సీఓ2 9.6 ఉంటే లెక్క 0.6 వస్తుంది. అంటే లీకు మూసిన రోజు ఈ బీఎస్-3 కారు ఫెయిలవుతుంది.

మిగతా అంకెలు చదవడం కష్టమేమీ కాదు. సీఓ ఎక్కువ, హెచ్‌సీ మామూలుగా ఉంటే మిక్స్చర్ రిచ్‌గా ఉంది, అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్, చోక్, ఫ్లోట్ లెవెల్, ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఇంజిన్) అయితే టెంపరేచర్ సెన్సర్ చూడాలి. సీఓ తక్కువ, హెచ్‌సీ ఎక్కువ, ఆక్సిజన్ కూడా ఎక్కువ ఉంటే లీన్ (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ) మిస్‌ఫైర్ గానీ, ఎక్కడో ఇంజిన్‌లోకి అదనపు గాలి దూరే వ్యాక్యూమ్ లీకు గానీ. సీఓ, హెచ్‌సీ రెండూ ఆకాశంలో ఉంటే రిచ్‌గా నడుస్తూ ప్లగ్ కూడా సరిగా కాల్చడం లేదు. వ్యాక్యూమ్ లీకు వెతకడానికి కార్బ్ క్లీనర్ కొట్టే అలవాటు చాలామందికి ఉంది. హెడర్ ఎర్రగా వేడెక్కి ఉన్నప్పుడు అది నిప్పుతో చెలగాటం. సీసాతో నీటి తుంపర కొట్టినా ఐడ్లింగ్ మారడం తెలుస్తుంది.

హైదరాబాద్ పాత కార్లలో మళ్లీ మళ్లీ కనిపించే తప్పు ఒకటుంది. దాన్ని ఎవరూ పొల్యూషన్‌తో ముడిపెట్టరు. ఎండాకాలం బండి వేడెక్కుతోందని, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వు తీసేసి, ఆ గూడు ఖాళీగా వదిలేస్తారు. ఆ తర్వాత ఇంజిన్ ఎంత నడిచినా పూర్తి వేడికి రాదు. మీటరు ముల్లు పావు దగ్గరే ఆగిపోతుంది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. సీఓ 2 శాతం, మైలేజీ పాతాళం. కొత్త సెన్సర్లు ఎన్ని మార్చినా తగ్గదు. టాప్ హోస్ బిగించే హౌసింగ్ రెండు బోల్టులు విప్పి చూడండి. లోపల ఇత్తడి వాల్వు కనిపించకపోతే 82 డిగ్రీలకో 88 డిగ్రీలకో తెరుచుకునే కంపెనీ వాల్వు, కొత్త గ్యాస్కెట్ వేయండి. రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగి చూడండి. బండి అసలెందుకు వేడెక్కుతోందో వేరుగా చూడాలి. ఎక్కువసార్లు అది తుప్పుతో పూడుకుపోయిన రేడియేటరో, తిరగని ఫ్యానో అయి ఉంటుంది.

కార్బరేటర్ బండ్ల విషయానికొస్తే, బంకుల్లో ఇప్పుడు దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు కథ మార్చేసింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. పాత జెట్లతో మిక్స్చర్ దానంతట అదే లీన్ అవుతుంది. అయిదేళ్ల కిందట బాగా సెట్ చేసిన మారుతి 800 ఇప్పుడు ఐడ్లింగ్‌లో వణుకుతూ హెచ్‌సీ 1500 దాటించడానికి ఇదే కారణం కావచ్చు. పాత రబ్బరు పంపు డయాఫ్రం, గొట్టాలు ఉబ్బిపోయాయేమో కూడా చూడాలి. సెట్టింగ్ ఇలా చేయాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఎయిర్ ఫిల్టర్ బిగించే ఉంచి, మిక్స్చర్ స్క్రూని మెల్లగా చివరిదాకా తిప్పాలి. బలంగా బిగిస్తే సూది మొనకి గాటు పడి ఇక ఎప్పటికీ సెట్ కాదు. అక్కణ్నుంచి రెండున్నర చుట్లు వెనక్కి. ఐడ్లింగ్ 850, 900 మధ్య పెట్టి, పావు చుట్టు తిప్పిన ప్రతిసారీ అర నిమిషం ఆగి రీడింగ్ చూడాలి. సీఓ 1 నుంచి 2 శాతం మధ్య నిలబడితే ఆపేయాలి. 0.5కి దింపుదామని ఇంకా బిగిస్తే హెచ్‌సీ ఎగిరిపోతుంది. టెస్టు కోసం లీన్ చేసి, ఇంటికెళ్లి మళ్లీ రిచ్ చేసుకునే చిట్కా ఇందుకే పనిచేయదు.

ఇక మార్పుల లెక్క. ఫ్రీఫ్లో ఎండ్ క్యాన్ ఒక్కటే మార్చి, క్యాట్ ఉంచితే పొల్యూషన్ రీడింగ్‌లో పెద్ద తేడా రాదు. శబ్దం మీద ట్రాఫిక్ పోలీసుల కేసు వేరే సంగతి. క్యాట్ తీసేసిన బీఎస్-3 కారు లాంబ్డా 1 దగ్గర పక్కాగా నడిచినా సీఓ 0.5 అంచున ఊగుతుంటుంది. ఒకరోజు పాస్, ఇంకోరోజు ఫెయిల్. క్యాట్ లేని బీఎస్-4 కారు 0.3, 200 లిమిట్‌లో పాసవడం దాదాపు అసాధ్యం. ఏ ట్యూనింగూ దాన్ని కాపాడలేదు. క్యాట్ తిరిగి వేయాల్సిందే. వేసేటప్పుడు ఇంజిన్‌కి వీలైనంత దగ్గరగా, వెల్డింగ్ కాకుండా ఫ్లాంజీతో బోల్టు చేయించండి. అది పని మొదలుపెట్టాలంటే 250, 300 డిగ్రీలు కావాలి. డ్రైవర్ సీటు కింద దాకా జరిపితే ఐడ్లింగ్‌లో చల్లారిపోతుంది. డబ్బా పైన కొత్తగా ఉండి లోపల తేనెపట్టు లేని ఖాళీ డబ్బాలూ అమ్ముతారు, టార్చి వేసి చూసి కొనండి. పాతదే ఉంటే రబ్బరు సుత్తితో తట్టండి. లోపల గలగలమంటే తేనెపట్టు విరిగిపోయినట్టే.

హెడర్ వేసినవాళ్లు ఆక్సిజన్ సెన్సర్ మీద కన్నేయాలి. సెన్సర్‌కి ముందు జాయింట్‌లో సన్నని లీకున్నా బయటి గాలి లోపలికి లాగుతుంది. సెన్సర్ దాన్ని లీన్ అనుకుంటుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది, సీఓ పెరుగుతుంది. సెన్సర్ మారిస్తే తగ్గుతుందనుకుని డబ్బు పోసేవాళ్లు ముందు గ్యాస్కెట్ మార్చి చూడాలి. ఒకే వైరు ఉన్న సెన్సర్‌కి సొంత హీటర్ ఉండదు. హెడర్ కింది చివరకి జరిపితే ఐడ్లింగ్‌లో నిద్రపోతుంది. అక్కడ మూడు, నాలుగు వైర్ల హీటర్ సెన్సర్ కావాలి. మల్టీమీటర్ పెట్టి 2500 ఆర్పీఎం దగ్గర చూస్తే 0.1, 0.9 వోల్టుల మధ్య పది సెకన్లలో ఎనిమిదిసార్లయినా అటూ ఇటూ ఊగాలి. ఒకచోటే నిలబడిపోతే సెన్సర్ చచ్చిపోయింది, లేదా వేడెక్కలేదు.

రేస్ క్యామ్ వేసిన ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు ఒకేసారి తెరిచి ఉండే సమయం ఎక్కువ. కాలని పెట్రోలు నేరుగా సైలెన్సర్‌లోకి జారిపోతుంది. ఐడ్లింగ్ 1050 దాకా పెంచి, టైమింగ్ రెండు మూడు డిగ్రీలు వెనక్కి పెడితే హెచ్‌సీ కొంత దిగుతుంది. 750 లిమిట్‌కి అది సరిపోవచ్చు, 200కి సరిపోదు. మారుతి 800లో వేరే ఇంజిన్ ఎక్కించిన వాళ్లకి పొల్యూషన్ కంటే పెద్ద చిక్కు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరు, బండిలో ఉన్న నంబరు కలవాలి.

టెస్టు రోజు పని సులువే, కానీ వరస తప్పకూడదు. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ వారం లోపు మార్చినవై ఉండాలి. పాత ఆయిల్‌లో కలిసిన పెట్రోలు ఆవిరి పీసీవీ గొట్టం గుండా మళ్లీ ఇంజిన్‌లోకే వస్తుంది. తెలుసుకోవాలంటే ఆ గొట్టం విప్పి చూడండి, సీఓ సగం శాతం పడిపోతే తప్పు ఆయిల్‌దే. బండిని సందుల్లో తిప్పితే వేడెక్కదు. మెహదీపట్నం వైపు వాళ్లయితే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్ దాకా, 11.6 కిలోమీటర్లు, మూడో గేరులో 50, 60 మీద నిలకడగా నడిపి దిగండి. దిగిన చోటికి దగ్గర్లోనే సెంటర్ ఎంచుకోవాలి. లైన్లో పది నిమిషాలు నిలబడితే క్యాట్ చల్లారుతుంది కాబట్టి ప్రోబ్ పెట్టేముందు రెండు మూడు నిమిషాలు 2500 దగ్గర పట్టి ఉంచండి. ఏసీ, లైట్లు, పెద్ద యాంప్లిఫయర్ ఉంటే అదీ కట్టేయండి. రెండు సైలెన్సర్ టిప్పులుంటే రెండింటిలోనూ రీడింగ్ తీయమనండి.

పాత డీజిల్ సఫారీ, క్వాలిస్ వాళ్లకి ఒక్క మాట. బీఎస్-4కి ముందు బళ్లకి పొగ లిమిట్ (పొగ ఎంత వెలుతురుని అడ్డుకుంటుందో చెప్పే అంకె) 2.45, బీఎస్-4కి 1.62. ఈ టెస్టులో యాక్సిలరేటర్‌ని ఒక్కసారిగా చివరిదాకా తొక్కి గవర్నర్ కట్ఆఫ్ (ఇంజిన్ ఇక పెరగని గరిష్ఠ వేగం) దాకా లేపుతారు, అదీ పలుమార్లు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో గుర్తులేని బండిని ఆ టెస్టుకి తీసుకెళ్లకండి. బెల్ట్ అక్కడే తెగితే పిస్టన్లు వాల్వులకి కొట్టి హెడ్ మొత్తం పోతుంది.

పదిహేనేళ్లు నిండి ఆర్సీ రెన్యువల్‌కి వెళ్తున్నవాళ్లకి పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక కాగితం మాత్రమే. ఫారం 25తో పాటు బండిని ఆర్టీఏకి తీసుకెళ్లాక, తిరుమలగిరి అయినా నాగోల్ అయినా బండ్లగూడ అయినా, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రంగు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, టైర్లు, సైలెన్సర్ కళ్లతో చూస్తారు. పాసైతే అయిదేళ్లు. కంపెనీ సైలెన్సర్ పాతదైనా పారేయకుండా దాచిపెట్టుకున్నవాళ్లకి ఆ రోజు పని తేలికవుతుంది.

బీఎస్-4కి ముందు కార్లకి సర్టిఫికెట్ ఆరు నెలలే, బీఎస్-4 నుంచి ఏడాది. 2019లో సవరించిన చట్టం 190(2) సెక్షన్ కింద కాలుష్య నిబంధనలు దాటిన బండికి జరిమానా 10,000 దాకా పెట్టింది, తేదీని ఫోన్‌లో పెట్టుకోండి. ప్రతి ప్రింట్‌నీ డ్యాష్‌బోర్డు డబ్బాలో వరసగా దాచండి. సీఓ అలాగే ఉండి హెచ్‌సీ ఒక్కటే ప్రతిసారీ వందేసి చొప్పున పెరుగుతుంటే ముందు ప్లగ్గులు, వాటికి కరెంటు తెచ్చే హెచ్‌టీ కేబుళ్లు మార్చి చూడండి. అప్పటికీ దిగకపోతే టాపెట్ క్లియరెన్సు, ఆ తర్వాత కంప్రెషన్ టెస్టు.